మేకపాల చీజ్ అరిగింది సరే, అది మేక చలవేనా?

ప్రశ్న: నాకు యాభై రెండేళ్లు. చిత్తూరులో ఉపాధ్యాయురాలిని, శాకాహారిని. రెండేళ్లుగా పొద్దున కాఫీ తాగిన గంటకల్లా కడుపు ఉబ్బరించి గుడగుడలాడుతోంది. రాత్రి గ్లాసు పాలు తాగితే పడుకునేలోపే ఒకటి రెండు సార్లు నీళ్ల విరేచనం అవుతోంది. పెరుగన్నంతో అంత బాధ లేదు. బెంగళూరులో ఉండే మా అబ్బాయి మొన్న మేకపాల చీజ్ డబ్బా ఒకటి తెచ్చి, ఆవుపాలు పడనివాళ్లకు ఇది మంచిదన్నాడు. నాలుగు రోజులు కొద్దికొద్దిగా తిన్నాను, ఏ ఇబ్బందీ కలగలేదు. ఈ సంగతి తెలిసి పుంగనూరు దగ్గరి పల్లెలో ఉండే మా వియ్యపురాలు తమ ఇంటి మేకపాలు పంపిస్తానని, పచ్చివే తాగితే గుణమని అంటున్నారు. తిరుపతిలో ఉన్న మా అమ్మాయి కొడుక్కు ఏడాదిన్నర. ఆవుపాలు పట్టిన కొద్దిసేపటికే వాడి నోటి చుట్టూ దద్దుర్లు లేచి వాంతి అవుతోంది. వాడికి కూడా మేకపాలు, ఈ చీజ్ అలవాటు చేయవచ్చా? పాలు పూర్తిగా మానేస్తే నా ఎముకల సంగతి ఏమిటి? షుగరుకు రెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్నాను.

సమాధానం: మీ ప్రశ్నల వరుసను తిరగవేసి మనవడితో మొదలుపెడతాను, ఎందుకంటే మీ విషయంలో పొరపాటు జరిగితే ఒక పూట కడుపునొప్పితో పోతుంది గానీ వాడి విషయంలో అలా పోకపోవచ్చు. దయచేసి మేకపాలు గానీ, మేకపాల చీజ్ గానీ, వేలికి రాసి నాకించడం వంటివి గానీ ఇంట్లో ప్రయత్నించకండి. పాలు తాగిన కొద్ది నిమిషాలలోనే దద్దుర్లు, వాంతి కనిపించడం పాలలోని మాంసకృత్తులు పడకపోవడానికి, అంటే అలర్జీకి సాధారణంగా కనిపించే లక్షణం. ఇక్కడ తగువు పెట్టుకున్నది జీర్ణశక్తి కాదు, శరీరపు రక్షణ వ్యవస్థ. కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ వంటి పాల ప్రోటీన్లను అది శత్రువులుగా పొరబడి విరుచుకుపడుతుంది. ఆవు ప్రోటీన్లకూ మేక ప్రోటీన్లకూ పోలిక ఎంత దగ్గరగా ఉంటుందంటే, ఆవుపాలు ఇలా పడని పిల్లలలో పదిమందికి తొమ్మిదిమందికి మేకపాలు కూడా పడవు. గేదెపాలు, గొర్రెపాల సంగతీ అంతే. చీజ్‌లో ఈ ప్రోటీన్లు మరింత చిక్కగా చేరి ఉంటాయి కాబట్టి అది పాలకంటే భద్రమైనదని అనుకోవడం తలకిందుల లెక్క అవుతుంది.

మీ అమ్మాయిని బిడ్డను వెంటనే పిల్లల వైద్యుని దగ్గరకు, వారు పంపితే అలర్జీ నిపుణుని దగ్గరకు తీసుకువెళ్లమని చెప్పండి. చర్మం మీద చుక్క వేసి సూదితో గిల్లి చూసే పరీక్ష, రక్తంలో ఐజీఈ అనే అలర్జీ ప్రతిరక్షకాన్ని కొలిచే పరీక్ష వంటివి ఉన్నాయి. వాటి ఫలితాన్ని మీరు చెప్పే వివరాలతో కలిపి చూసి వైద్యులే నిర్ణయిస్తారు. ఎప్పుడు ఎంత పాలు తాగాడు, ఎన్ని నిమిషాలకు ఏమైంది అన్నది మీ అమ్మాయి ఒక కాగితం మీద రాసి పట్టుకువెళితే సగం పని అయినట్లే. దద్దుర్లు లేచినప్పుడు ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఉంచితే ఇంకా మంచిది. ఎప్పుడైనా పెదవులు, నాలుక వాచినా, ఊపిరి పిల్లికూతలా వినిపించినా, బిడ్డ వాడిపోయి మగతగా పడిపోయినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయాలి. బిస్కెట్లు, బ్రెడ్డు, రెడీమేడ్ ఉగ్గుపొడుల పొట్లాల మీద పాల పొడి, మిల్క్ సాలిడ్స్, వే (విరుగుడు నీళ్ల నుంచి తీసినది), కేసీన్ అన్న మాటలలో ఏది కనిపించినా అది వాడికి పాలతో సమానమే. నెయ్యిలో ప్రోటీన్ జాడలు చాలా తక్కువగా మిగులుతాయి. అయినా ఆ కొద్దిపాటి జాడ కూడా గిట్టని పిల్లలు ఉంటారు కాబట్టి వైద్యులను అడిగే వరకు తిరుమల లడ్డూ ప్రసాదం కూడా వాడి నోట పెట్టకండి. ప్రసాదాన్ని వద్దనడానికి మనసొప్పదని నాకు తెలుసు, కానీ పెద్దలు కళ్లకద్దుకుని తాము తింటే దోషమేమీ లేదు. ఊరట కలిగించే మాట ఒకటి ఉంది: ఇటువంటి పిల్లలలో ఎక్కువమందికి పెరిగేకొద్దీ ఈ అలర్జీ దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గిందా లేదా అని పరీక్షించడం మాత్రం వైద్యుల ఎదుట జరగవలసిన పని.

ఇక మీ సంగతి. మీరు రాసిన లక్షణాలు మీ మనవడి లక్షణాలకు ఏ సంబంధమూ లేనివి. ఇద్దరికీ పాలు పడటం లేదని ఒకే మాటతో చెప్పుకోవడం వల్లనే ఇద్దరికీ ఒకే మందు పనికివస్తుందన్న భ్రమ కలిగింది. మీకు గిట్టనిది బహుశా పాలలోని ప్రోటీన్ కాదు, లాక్టోజ్ అనే పాలచక్కెర. దానిని విడగొట్టడానికి చిన్నపేగు గోడలో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. చంటిబిడ్డలలో అది సమృద్ధిగా ఉంటుంది, తల్లిపాలు మానిన తర్వాత చాలామందిలో క్రమంగా తగ్గిపోతుంది. ఉత్తర భారతంలో కంటే మన దక్షిణాదిలో ఇలా తగ్గినవారు ఎక్కువ. ఇది రోగం కాదు, పుట్టుకతో వచ్చిన తీరు. విడిపోకుండా మిగిలిన పాలచక్కెర పెద్దపేగులోకి దిగి, వెంట నీటిని లాగుకుంటుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి హైడ్రోజన్ వంటి వాయువులను పుట్టిస్తాయి. మీరు రాసిన గుడగుడ, ఉబ్బరం ఆ వాయువు వల్ల, నీళ్ల విరేచనం ఆ నీటి వల్ల కలిగేవి.

ఇప్పుడు మేక దగ్గరకు వద్దాం. ఆవుపాలలో వంద మిల్లీలీటర్లకు సుమారు 4.8 గ్రాముల లాక్టోజ్ ఉంటే, మేకపాలలో 4.3 గ్రాములకు అటూ ఇటుగా ఉంటుంది. మీరు రాత్రి తాగే గ్లాసు 250 మిల్లీలీటర్లనుకుంటే ఆవుపాలతో 12 గ్రాములు, మేకపాలతో 11 గ్రాములకు కాస్త తక్కువ. ఈ ఒక్క గ్రాము తేడాతో మీ కడుపు శాంతించదు. మేకపాలలో కొవ్వు బిందువులు చిన్నవనీ, కడుపులో విరిగినప్పుడు ముద్ద మెత్తగా ఉంటుందనీ చెప్పేది నిజమే, అందువల్ల కొందరికి అవి తేలికగా అనిపించవచ్చు. కానీ ఆ రెండింటికీ లాక్టోజ్‌తో పని లేదు. పుంగనూరు పేరు వచ్చింది కాబట్టి, మీరు అడగకపోయినా ఇంకొక మాట: ఆ పొట్టి జాతి ఆవు పాలలో వెన్న ఎక్కువ, ఆ పాలకు ఏ2 అన్న పేరూ బాగా ప్రచారంలో ఉంది. అయితే ఏ2 అన్నది పాలలోని ఒక ప్రోటీన్ రకానికి గుర్తు, పాలచక్కెరకు కాదు. రేపు మరొక బంధువు ఆ పాలు తెప్పించుకోమని సలహా ఇచ్చినా లాక్టోజ్ లెక్క మారదు.

మరి చీజ్ ఎందుకు అరిగింది? మెత్తటి మేకపాల చీజ్ తయారు చేసేటప్పుడు పాలలో తోడు వంటి సూక్ష్మజీవులను, పాలను గడ్డకట్టించే రెన్నెట్ అనే పదార్థాన్ని కొద్దిగా కలిపి చాలా గంటలు కదపకుండా ఉంచుతారు. ఆ సమయంలో సూక్ష్మజీవులు కొంత పాలచక్కెరను తిని పులుపుగా మారుస్తాయి. తర్వాత ఆ ముద్దను గుడ్డలో వేలాడదీసినప్పుడో అచ్చులలో పోసినప్పుడో నీళ్లు కారిపోతాయి, మిగిలిన పాలచక్కెరలో అధిక భాగం ఆ విరుగుడు నీళ్లతోనే పోతుంది. చివరకు మీరు రొట్టెకు రాసుకున్న రెండు చెంచాల చీజ్‌లో ఉన్నది అర గ్రాము కూడా కాకపోవచ్చు. అంటే మీ కడుపు కాపాడబడింది మేక వల్ల కాదు, పులియబెట్టి నీరు వార్చిన పద్ధతి వల్ల, తిన్న పరిమాణం కొద్దిది కావడం వల్ల. అదే పద్ధతిలో ఆవుపాలతో చేసినది తిన్నా మీకు అదే ఫలితం కలిగేది. నెలల తరబడి మాగబెట్టిన చెడార్, పార్మెసాన్ వంటి గట్టి చీజ్‌లలో లాక్టోజ్ ఇంచుమించు ఉండదు. మన పనీరులో వందకు రెండు మూడు గ్రాములు ఉంటుంది కాబట్టి కూరలో వేసిన నాలుగు ముక్కలకు భయపడనవసరం లేదు. నెయ్యిలో దాదాపు సున్నా. కనుక మనవడికి వద్దన్న లడ్డూ పాలచక్కెర దృష్ట్యా మీకు అభ్యంతరం లేనిదే, మీరు జాగ్రత్త పడవలసింది అందులోని చక్కెరతోనూ శనగపిండితోనూ. ఇందుకు భిన్నంగా పాలకోవా చూడండి. నాలుగైదు లీటర్ల పాలను ఒక కిలోకు మరిగించి ఎండగట్టినప్పుడు నీరు ఆవిరైపోతుంది గానీ లాక్టోజ్ ఎక్కడికీ పోదు, మొత్తం ఆ ముద్దలోనే ఉండిపోతుంది. రెండు బిళ్లల కోవా ఒక గ్లాసు పాలకు సమానంగా పనిచేయగలదు. పాలపొడి సంగతి ఇంకా తీవ్రం, వెన్న తీసిన పాలపొడిలో సగం బరువు లాక్టోజ్‌దే.

నిఘంటువులలో చీజ్‌కు జున్ను అని అర్థం రాయడం వల్ల కలిగే చిక్కును కూడా ఇక్కడే చెప్పాలి. మన ఇళ్లలో జున్ను అంటే ఈనిన పశువు మొదటి పాలలో బెల్లమో చక్కెరో వేసి, మిరియాలు, యాలకులు చల్లి ఆవిరి మీద ఉడికించేది. అది వేడికి గట్టిపడుతుందే తప్ప పులియదు, నీరు వార్చడమూ ఉండదు. పాలలో ఉన్నదంతా అందులోనే ఉంటుంది, పైగా మామూలు పాలు కూడా కలుపుతారు. చీజ్ పడిందని చెప్పి జున్ను మీద ధైర్యం చేయకండి.

అయితే మీ కడుపు బాధకు పాలొక్కటే కారణమని తేల్చడానికి నేను తొందరపడను. మీరు లేఖ చివర ఒక్క వాక్యంలో రాసి ఊరుకున్న మెట్‌ఫార్మిన్ నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. ఆ మాత్ర వల్ల కడుపుబ్బరం, విరేచనాలు కలగడం చాలా సాధారణం. మీ బాధకు రెండేళ్లు, మాత్రకు రెండేళ్లు. ఇది కేవలం కాకతాళీయం కావచ్చు, కాకపోనూ వచ్చు. ఇటువంటి బాధ ఉన్నప్పుడు నెమ్మదిగా కరిగే రకం మాత్రకు మార్చడమో, మోతాదును సర్దడమో వైద్యులు చేస్తారు. మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. మరొక సంగతి, మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడినవారిలో బీ12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. శాకాహారికి బీ12 సహజంగా దొరికేది పాలు, పెరుగు వంటి పదార్థాలలోనే. అందువల్ల మీరు పాల పదార్థాలన్నిటినీ ఒక్కసారిగా మానేస్తే అరికాళ్ల తిమ్మిరి, నీరసం వంటి కొత్త బాధలను తెచ్చుకున్నట్లవుతుంది. ఈసారి షుగరు పరీక్షకు వెళ్లినప్పుడు బీ12 పరీక్ష కూడా రాయమని అడగండి.

పాలా, మాత్రా అన్నది తేల్చుకోవడానికి ఖర్చులేని మార్గం ఒకటుంది. మాత్రను యథాతథంగా వేసుకుంటూ రెండు వారాలు పాలు, పాల కాఫీ, టీ, కోవా, ఐస్‌క్రీమ్, పాలపొడి కలిసిన బిస్కెట్లు మానండి. పెరుగు కూడా ఆ పద్నాలుగు రోజులు పక్కన పెట్టగలిగితే ఫలితం స్పష్టంగా తెలుస్తుంది. పిల్లల హాజరు వేసే శ్రద్ధతో రోజూ ఏమి తిన్నారో, కడుపు ఎలా ఉందో ఒక పుస్తకంలో రాయండి. పదిహేనవ రోజు, సెలవు చూసుకుని, పొద్దున ఖాళీ కడుపుతో ఒక గ్లాసు పాలు తాగి నాలుగైదు గంటలు గమనించండి. రెండు వారాలు హాయిగా గడిచి ఆ గ్లాసుతో బాధ తిరిగి వస్తే దోషి లాక్టోజే అనుకోవడానికి బలమైన ఆధారం దొరికినట్లే. పాలు మానినా బాధ తగ్గకపోతే మాత్ర గురించో, పేగులకు సంబంధించిన మరొక కారణం గురించో వైద్యులతో మాట్లాడాలి. నిర్ధారణ కావాలంటే ఊపిరిలో హైడ్రోజన్‌ను కొలిచే పరీక్ష ఉంది, పెద్ద ఆసుపత్రిలోని జీర్ణకోశ విభాగంలో అడగవచ్చు. మలంలో రక్తం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత వీటిలో ఏది ఉన్నా ఈ గ్లాసు ప్రయోగాలన్నీ కట్టిపెట్టి ముందుగా వైద్యులను కలవండి. మీ వయస్సులో ఆ లక్షణాలను పాల మీదకు నెట్టివేయడం ప్రమాదం.

లాక్టోజే కారణమని తేలిందనుకోండి. అప్పుడు కూడా పాలకు పూర్తిగా నీళ్లు వదలనవసరం లేదు. లాక్టేజ్ తగ్గిన పెద్దవారిలో చాలామంది ఒక విడతకు 12 గ్రాముల వరకు, ముఖ్యంగా భోజనంతో కలిపి తీసుకున్నప్పుడు, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలుగుతారు. మీ గ్లాసు సరిగ్గా ఆ హద్దు మీద ఉంది, పైగా మీరు దానిని పడుకోబోయే ముందు విడిగా తాగుతున్నారు. పొద్దుటి కాఫీ సంగతీ అంతే. ఖాళీ కడుపులో చిక్కటి పాల కాఫీ పడటం వేరు, ఇడ్లీ తిన్న తర్వాత సగం పాలతో, గట్టి డికాక్షన్‌తో తాగడం వేరు. పైగా కాఫీ కూడా స్వయంగా పేగులను తొందరపెట్టే గుణం కలదే కాబట్టి నెపం మొత్తాన్ని పాల మీదనే వేయకూడదు. లాక్టోజ్‌ను ముందే విడగొట్టి అమ్మే పాలు ఇప్పుడు పెట్టెలలో దొరుకుతున్నాయి. కాస్త తియ్యగా ఉంటాయి గానీ అందులో చక్కెర తగ్గినట్లు కాదు, విడిపోయి ఉంటుందంతే. షుగరు లెక్కలో వాటిని మామూలు పాలలాగే చూడాలి.

పెరుగు మీకు పడుతోందని మీరే రాశారు, ఆ అనుభవాన్ని నమ్మండి. తోడుకునేటప్పుడు పాలచక్కెరలో ఐదో వంతు నుంచి మూడో వంతు వరకు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, బతికి ఉన్న పెరుగు సూక్ష్మజీవులు తమ ఎంజైమ్‌ను వెంట తెచ్చి మన పేగులో కూడా ఆ పని కొనసాగిస్తాయి. మరిగించిన మజ్జిగ పులుసులో ఆ సహాయం అందదు, అన్నంలో కలుపుకున్న చల్లటి పెరుగులో, పలుచటి మజ్జిగలో అందుతుంది. రెండు వారాల పరీక్ష ముగిశాక మీరు మొదట తిరిగి తెచ్చుకోవలసినది పెరుగే.

ఎముకల గురించి మీ ఆందోళన సరైనది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఈ విషయంలో చిత్తూరు వంటిల్లు అదృష్టం చేసుకున్నదనే చెప్పాలి. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే ఒక మోస్తరు సంగటి ముద్దతోనే రెండు వందలకు పైగా అందుతుంది. పొట్టు తీయని నువ్వులు ఒక పెద్ద చెంచాడు పొడి చేసుకుని కలుపుకుంటే మరొక వంద పైచిలుకు. మునగాకు, అవిసాకు ఈ లెక్కలో మేలైనవి. తోటకూర, పాలకూరలలో కాల్షియం ఉన్నా వాటిలోని ఆగ్జలేట్లు దానిని పూర్తిగా ఒంటబట్టనివ్వవు. రెండు పూటలా ఒక కప్పు పెరుగు నిలిపి ఉంచుకుంటే వీటితో కలిసి చాలావరకు పూడుతుంది. మిగిలిన లోటుకు మాత్ర అవసరమా అన్నది విటమిన్ డి పరీక్ష చూసి వైద్యులు చెబుతారు. రాగి మంచిదని సంగటి ముద్ద మీద ముద్ద వేసుకోకండి, షుగరు ఉన్నవారికి అది కూడా పిండిపదార్థమే.

వియ్యపురాలి మాట తీసివేయడం మర్యాద కాదని మీరు సంకోచిస్తున్నట్లు లేఖలో కనిపిస్తోంది. వారు అభిమానంతో పంపిస్తామన్న పాలను వద్దనకండి, పచ్చివి తాగమన్న సలహాను మాత్రం వద్దనండి. మేకల నుంచి మనుషులకు పచ్చిపాల ద్వారా సోకే బ్రూసెల్లోసిస్ అనే జబ్బు నెలల తరబడి వచ్చిపోయే జ్వరంతో, కీళ్లనొప్పులతో పీడిస్తుంది. పాలు పొంగేదాకా కాచితే ఆ భయం ఉండదు. మన పల్లెలలో మేకలను ప్రధానంగా మాంసానికి పెంచుతారు, మేకపిల్లలు తాగగా మిగిలే పాలు ఎలాగూ కొద్దిగానే ఉంటాయి. వచ్చిన అరలీటరును బాగా కాచి నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వడగట్టి, విరుగుడు నీళ్లు పారబోస్తే మీకు పడే మేకపాల పనీరు ఇంట్లోనే తయారవుతుంది. కొద్దిగా మేక వాసన ఉంటుంది. కాప్రిక్, కాప్రిలిక్ అనే కొవ్వు ఆమ్లాలు అందుకు కారణం, లాటిన్‌లో మేకను కాప్రా అంటారు గనుక వాటికి ఆ పేర్లు. మిరియాల పొడి, కొత్తిమీర కలిపితే ఆ వాసన తెలియదు.

బజారులో చీజ్ మళ్లీ కొనదలచుకుంటే మూడు సంగతులు చూసుకోండి. కొన్ని రకాలను దూడ లేదా మేకపిల్ల కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడువేస్తారు. మీరు శాకాహారి కాబట్టి పొట్లం మీద ఆకుపచ్చ గుర్తు, మైక్రోబియల్ రెన్నెట్ (సూక్ష్మజీవుల నుంచి తీసినది) అన్న మాట ఉన్నాయేమో చూడాలి. రెండవది ఉప్పు, చీజ్‌లలో అది ఎక్కువే. బీపీ కూడా ఉంటే రెండు చెంచాలు మించకండి. మూడవది వెల. మీకు కావలసిన గుణం ఇంటి పనీరులోనూ గడ్డ పెరుగులోనూ ఉన్నప్పుడు మేక బొమ్మ కోసం అంత సొమ్ము పోయాలా అన్నది మీరే ఆలోచించుకోండి, రుచి నచ్చితే అది వేరే మాట. ఇప్పుడు ఫ్రిజ్‌లో మిగిలిన డబ్బా గురించి అయితే, మూత తీసిన తర్వాత ఎన్ని రోజులలో వాడాలో దాని మీదే రాసి ఉంటుంది, ఆలోగా ముగించండి. మీ అమ్మాయి బిడ్డను తీసుకుని చిత్తూరు వచ్చే రోజుకు మాత్రం ఆ డబ్బా, దానికి వాడిన చెంచా వాడి చేతికి అందని చోట ఉండేటట్లు చూసుకోండి.